ఆ గుడ్డే ఈ గుడ్డా?

అభిజ్ఞాన శాకుంతలం ఐదో అంకంలో దుష్యంతుడు నిండు కొలువులో శకుంతలను ఎరగనంటాడు. ఆశ్రమంలో పెరిగిన పిల్ల, కపటం తెలియనిది అని గౌతమి చెప్పుకొస్తే, అతను కోకిలను సాక్ష్యానికి పిలుస్తాడు. కోకిలలు తమ పిల్లల్ని వేరే పక్షుల చేత పెంచుకోవడం లేదా అంటాడు. ఆమె కడుపులోని బిడ్డ పరాయిదని ఆ మాటకు అర్థం. కానీ ఆ బిడ్డ అతనిదే. శాపంతో జ్ఞాపకం పోయిన రాజు తన గుడ్డును తానే గూట్లోంచి తోసేస్తున్నాడు.

కోకిలకు సంస్కృతంలో పరభృతమని పేరు. పరులు పెంచినది అని. కోయిల గుడ్డు కాకి గుడ్డు కన్నా చిన్నది. అయినా కాకి దాన్ని పొదుగుతుంది, పిల్లకు మేత తెచ్చి నోట్లో పెడుతుంది. అన్ని పక్షులూ ఇలా ఊరుకోవు. కొన్ని పరాయి గుడ్డును ముక్కుతో తీసి పారేస్తాయి, కొన్ని గూడే వదిలేసి పోతాయి. వాటికి తెలుస్తున్నది ఏమిటి? ఇది నాది కాదనా, లేక ఇది మిగతావాటిలా లేదనా?

1920ల్లో బెర్న్‌హార్డ్ రెన్ష్ అనే జర్మన్ శాస్త్రవేత్త గార్డెన్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట గూట్లో మొదటి మూడు గుడ్లూ తీసేసి, వాటి చోట మరో జాతి పిట్ట గుడ్లు ఉంచాడు. తల్లి నాలుగో గుడ్డు పెట్టింది. పెట్టి, దాన్నే బయట పారేసింది! పక్షికి తనదేదో తెలియదు, గుంపులో కలవనిదాన్ని ఏరేస్తుందంతే అని రెన్ష్ తేల్చాడు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి అపోహవాదం ఇక్కడ గుర్తుకు రాక మానదు. ‘ఆవు’ అనే మాట ఆవును నేరుగా చూపదు, ఆవు కానివాటన్నిటినీ పక్కకు తోస్తుంది అన్నది ఆ వాదం.

అయితే 1975లో అమెరికాలో స్టీఫెన్ రాత్‌స్టీన్ ఆ తీర్పును మళ్లీ పరీక్షకు పెట్టాడు. గూట్లో పరాయి గుడ్లదే మెజారిటీ అయినా పక్షి వాటినే పారేసింది, తన గుడ్డును ఉంచుకుంది. అంటే లోపల ఒక ముద్ర ఉంది. అది పుట్టుకతో వచ్చింది కాదు. జపాన్‌లో గ్రేట్ రీడ్ వార్బ్లర్‌లను గమనించిన ఆర్నన్ లోటెం బృందం, మొదటిసారి గూడు కట్టిన ఆడపక్షులు పరాయి గుడ్లను ఎక్కువగా ఒప్పుకుంటాయని, అనుభవం ఉన్నవి ఎక్కువగా తిరస్కరిస్తాయని చూపింది. తొలికాన్పులో కంటపడ్డ గుడ్లే ‘నావి’ అని మనసులో పడతాయన్నమాట.

‘అప్పటి ఆ దేవదత్తుడే ఈయన’. గుర్తుపట్టడం గురించి తర్కశాస్త్రంలో తరతరాలుగా నలిగిన ఉదాహరణ ఇది. పాత సంస్కారం తోడుగా కలిగే ఒకే ప్రత్యక్షమని నైయాయికులు అన్నారు. బౌద్ధులు ఒప్పుకోలేదు. చూపు వేరు, జ్ఞాపకం వేరు, రెంటినీ కలిపి కుట్టి ఒకటేనని భ్రమపడతారన్నారు. రెన్ష్ చూసిన తల్లి పిట్ట సాక్ష్యం చెప్పాల్సివస్తే బౌద్ధుల వైపే నిలబడుతుంది. గుడ్డు మీద ‘నాది’ అని ఎక్కడా రాసి లేదు. ఆ రాత చూసేవారి లోపలిది.

ఆ రాతను అనుమానం మరింత చెరుపుతుంది. 1980ల్లో కేంబ్రిడ్జ్ దగ్గరి వికెన్ ఫెన్ చిత్తడి నేలల్లో నిక్ డేవిస్, మైకేల్ బ్రూక్ రీడ్ వార్బ్లర్ గూళ్ల మీద, కోకిల కుటుంబానికే చెందిన కుకూ బొమ్మను నిలబెట్టారు. ఆ బొమ్మ కనబడితే చాలు, ఆ పిట్టలు గుడ్లను ఎక్కువగా తిరస్కరించాయి. పొరపాటున తమ గుడ్డునే పారేసే పిట్టలూ ఉన్నాయి. పరాయిదాన్ని ఉంచుకుంటే ఒక నష్టం, తనదాన్ని పారేస్తే ఇంకొక నష్టం. దుష్యంతుడు పురోహితుణ్ణి అడిగిందీ అదే: భార్యను వదిలిన పాపమా, పరస్త్రీని తాకిన పాపమా, దేన్ని నెత్తిన వేసుకోవాలి? ప్రసవం దాకా ఆగుదాం, బిడ్డకు చక్రవర్తి లక్షణాలుంటే అప్పుడు రాణిగా తీసుకోవచ్చు అన్నాడు పురోహితుడు. గుడ్డు పగిలేదాకా ఆగమన్నట్టే.

ఇంతకీ కొలువులో నిలబడ్డ శకుంతల ఎవరు? మేనక కని వదిలేస్తే శకుంతాలు, అంటే పక్షులు, కాచాయని ఆమెకు ఆ పేరు. పెంచినవాడు కణ్వుడు. ఆమే ఒక పరభృత. కాకి తెలియక పెంచుతుంది. దాని మీద కరుణను ఆపాదించడం సరికాదు, తెలివితక్కువదని ఎగతాళి చేయడమూ సరికాదు. కణ్వుడికి మాత్రం ఆ పసికందు తనది కాదని మొదటి చూపులోనే తెలుసు. పోల్చుకున్నాక తోసెయ్యాలన్న నియమం అతని ఆశ్రమంలో లేదు. పోలిక ఒక పని, తిరస్కారం ఇంకొక పని. మనిషి వాటిని విడదీయగలడు. కణ్వుడు విడదీశాడు.

ఏడో అంకంలో దుష్యంతుడు మారీచుడి ఆశ్రమంలో సింహం పిల్లతో ఆడుతున్న కుర్రవాణ్ణి చూస్తాడు. ఎవరో తెలియకుండానే మనసు అటు లాగుతుంది. అక్కడి తాపసి ఒకామె రంగుల మట్టి నెమలిని తెచ్చి, ఈ శకుంతలావణ్యం చూడమని పిల్లవాడికి చూపుతుంది. పక్షి అందమని ఆమె అన్నది. పిల్లవాడి చెవికి అందులో తల్లి పేరు వినబడింది. మా అమ్మ ఏదీ అంటూ చుట్టూ చూశాడు.