చెంబు అడుగున మిగిలిన నీళ్లు



కార్వేటినగరం చుట్టుపక్కల పేటల్లోని అక్కలారా, అన్నలారా! మందు మానేసిన తల్లిదండ్రులకూ, మానాలని కష్టపడుతుండే వాళ్లకూ ఈ నాలుగు మాటలు.

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. పంచశీలలో ఐదోది కూడా అదే. చేతులు జోడించి చెప్పినాము. చెప్పినాక కూడా కొందరం తాగినాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినారు. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం వస్తుంది, పోతుంది. ఇంట్లో శీలాన్ని మనమే నిలబెట్టుకోవాల.

మానేస్తే పిల్లల మనసు వెంటనే కుదుటపడుతుందా? పడదు. తలుపు చప్పుడైతే నాయన నడక ఎట్లుందో చూసే బిడ్డ, మానేసి నెలయినా అట్లే చూస్తుంది. "మానేసినా గదా, ఇంకా నమ్మవా?" అని కోపగించుకోవద్దు. ఆ భయం మనం పెట్టిందే. పోయేదానికి దినాలు పడతాయి.

బుద్ధుడు కూడా ఒక బిడ్డకు తండ్రే. రాహులుడు కాళ్లు కడుక్కోను నీళ్లు పెడితే, ఆయన కడుక్కుని చెంబు అడుగున కొంచెం నీళ్లు మిగిల్చి చూపించినాడు. తెలిసి తెలిసి అబద్ధమాడి సిగ్గుపడని వాడిలో మంచితనం ఇంతే మిగులుతుందన్నాడు. ఆ నీళ్లూ పారబోసినాడు. చెంబు బోర్లించి చూపించినాడు. అద్దంలో మొహం చూసుకున్నట్టు, ఏ పనైనా చేసే ముందు, చేసేటప్పుడు, చేసినాక చూసుకోమన్నాడు. తప్పు జరిగితే దాచకుండా చెప్పుకుని, మళ్లీ చేయకుండా జాగ్రత్త పడమన్నాడు.

తాగే ఇంట్లో డబ్బు కంటే ముందు ఖాళీ అయ్యేది నిజమే. "నేను తాగలేదు" అన్న అబద్ధంతో ఆ చెంబు బోర్లపడుతుంది. దాన్ని మళ్లీ చుక్క చుక్కగా నింపాల.

బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: "నేను తాగింది నీ వల్ల కాదు పాపా. నీ తప్పేమీ లేదు." బిడ్డ ఏడ్చినా, తిట్టినా వినండి. క్షమించమని బలవంతం చేయొద్దు.

"జన్మలో ముట్టను" అని ఒట్లు పెట్టొద్దు. "ఈ పొద్దు తాగలేదు. ఆరుగంటలకు ఇంటికొస్తా" అని చెప్పి, ఆరుకల్లా రండి. నిలబెట్టుకున్న చిన్న మాటే బిడ్డకు ధైర్యం.

"నాయన యాడికి పోతాడో చూడు" అని బిడ్డను కాపలా పెట్టొద్దు. అది పెద్దోళ్ల బరువు. బిడ్డను ఆడుకోనీయండి, చదువుకోనీయండి.

కాలు జారితే దాచొద్దు. ఒప్పుకుని, ఆ పొద్దే సాయం అడగండి. పడినోడు నిజం చెప్పి లేవడం చూసిన బిడ్డ, రేపు తాను పడినా లేవగలనని నేర్చుకుంటుంది.

ఒక హెచ్చరిక. దినామూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. డాక్టరుకు చూపించుకునే మానండి. 14446కు ఫోను చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. మందులు వాడటం శీలానికి తక్కువేమీ కాదు.

ఈ రాత్రి పడుకునే ముందు బిడ్డకు ఒక్క నిజం చెప్పండి. చెంబులో ఒక చుక్క పడినట్టే.

భవతు సబ్బ మంగళం. సాధు! సాధు! సాధు!