కూషు దేశపు కోడలు

ధ్యానభాగము: సంఖ్యాకాండము 12వ అధ్యాయము



మోషే కూషు దేశపు స్త్రీని వివాహమాడెను. అందునుబట్టి అతని తోబుట్టువులైన మిర్యాము, అహరోనులు అతనికి విరోధముగా మాటలాడిరి. ఈ సంగతి మనమందరము ఆదివారపు బడిలోనే వింటిమి. మిర్యామునకు కలిగిన కుష్ఠు మనకు జ్ఞాపకమున్నది. మోషే సాత్వికము జ్ఞాపకమున్నది. అయితే ఆ కూషీయురాలు ఎవరికి జ్ఞాపకమున్నది? ఆమె పేరు ఆ అధ్యాయములో లేదు. ఆమె పలికిన మాట ఒక్కటియు లేదు. ఆమెను గూర్చి ఇతరులు సణిగిన సణుగుడు మాత్రమే మన చెవిని పడుచున్నది.

ఈ నెల ఆ స్త్రీని తలంచుకొనుటకు మాకొక కారణము కలిగినది. మా సంఘపు పెద్దలలో ఒకరు ఒక రాత్రి ప్రార్థన ముగిసిన పిమ్మట మా యింటికి వచ్చి, అరుగుమీద చాలసేపు మాటలేక కూర్చుండిరి. వారి కుమార్తె అమెరికాలో నర్సుగా పనిచేయుచున్నది. తాను వెళ్లు సంఘములోనే విశ్వాసియైన ఒక నల్లజాతి యువకుని వివాహమాడ గోరుచున్నానని ఆమె తలిదండ్రులకు తెలిపినది.

“అయ్యగారూ, మా పిల్లకి మతి పోయింది. వాళ్లెలాంటి వాళ్లో మనకు తెలియదా? తుపాకులు, మత్తుమందులు, జైళ్లు. ఎన్ని సినిమాల్లో చూడలేదండీ!” అని వారు కన్నీరు పెట్టుకొనిరి.

“మీరెప్పుడైనా ఆ జాతివారితో మాట్లాడారా?” అని అడిగితిమి.

“లేదండి.”

అటుపిమ్మట మాకును మాట రాలేదు. ఏలయనగా మేమును ఎన్నడు మాటాడి యెరుగము. వారి మనస్సులోని బొమ్మయే మా మనస్సులోను ఉన్నది. అది తెలుగు మాటలు అతికించిన ఇంగ్లీషు చిత్రములనుండి, మన యింటి టెలివిజనునుండి మెల్లమెల్లగా లోపలికి వచ్చి కూర్చున్నది. ఆ బొమ్మను గీసినవారెవరో తెలిసికొనవలెనని అటుతరువాత కొంత చదివితిమి, కొన్ని చిత్రములు చూచితిమి. తెలిసినది మీతో చెప్పుచున్నాము. చెప్పుటకు సంతోషము లేదు, ఎందుకనగా ఆ గీసిన చేతులలో మనవారి చేతులును ఉన్నవి.

1915లో అమెరికాలో “ది బర్త్ ఆఫ్ ఎ నేషన్” అను చిత్రము వెలువడినది. తీసినవాడు గ్రిఫిత్. అందులో నల్లజాతి పురుషుడు తెల్లవారి కన్యను వెంటాడు మృగముగా చూపబడెను. అతని చేత చిక్కకుండ ఆమె కొండమీదనుండి దూకి చనిపోవును. ఆ మృగము వేషము వేసినవాడు నల్లవాడు కాడు, ముఖమునకు మసి పూసికొనిన తెల్లవాడు. చిత్రము చివర క్రీస్తుప్రభువు రూపమును కూడ చూపిరి. దీనికి ఆధారమైన నవల వ్రాసిన థామస్ డిక్సన్ ఒకప్పుడు బాప్టిస్టు సంఘకాపరి. ఆ సంవత్సరమే నల్లవారిని హింసించు కూ క్లక్స్ క్లాన్ అను దండును తిరిగి నెలకొల్పిన సిమ్మన్స్ ఒకప్పుడు మెథడిస్టు బోధకుడు. ప్రసంగపీఠమెక్కిన నాలుకలే ఆ విషమును పలికినవని తెలిసినప్పుడు మేము సిగ్గుపడితిమి.

మృగము తరువాత వచ్చిన బొమ్మ దాసి. 1939లో వచ్చిన “గాన్ విత్ ది విండ్” చిత్రములో హాటీ మెక్‌డానియల్ అను నల్లజాతి నటి ఒక దొరల యింటి పనిమనిషిగా నటించెను. అంత పెద్ద చిత్రములో ఆ పాత్రను అందరును “మామీ” అని పిలుతురు. ఆమెకు సొంత పేరు లేదు. ఆమెకు భర్త యున్నాడో లేడో, బిడ్డలున్నారో లేరో కథ చెప్పదు. దొరసాని ప్రేమలన్నిటికి ఆమె సాక్షి. ఆమె ప్రేమకు మాత్రము ఎవరును సాక్షులు లేరు. 1940లో ఆ నటికి ఆస్కారు బహుమానము లభించెను. నల్లజాతివారిలో అది పొందినవారిలో ఆమెయే మొదటిది. అయినను ఆ రాత్రి విందుశాలలో తోటి నటులతో గాక వేరుగా వేసిన బల్లయొద్ద ఆమెను కూర్చుండబెట్టిరి.

నల్లవారును తెల్లవారును తెరమీద ప్రేమింపరాదని ఒక నియమము కూడ ఉండెను. 1927లో నిర్మాతల సంఘము చేసిన నిషేధముల పట్టికలోను, 1930లో వ్రాసిన నియమావళిలోను, ఈ రెండు జాతుల కలయికను చూపరాదని స్పష్టముగా వ్రాయబడెను. 1934నుండి అది గట్టిగా అమలైనది. ఆ సంఘమునకు అధ్యక్షుడైన విల్ హేస్ ప్రెస్బిటేరియను సంఘపు పెద్ద. 1956 వరకు ఆ నిషేధము తొలగలేదు. అందుచేత 1949లో “పింకీ” అను చిత్రము తీసినప్పుడు, తెల్లగా కనబడు నల్లజాతి నర్సు పాత్రను జీన్ క్రేన్ అను తెల్లనటికి ఇచ్చిరి. కథలో ఆమెను ప్రేమించినవాడు తెల్లజాతి వైద్యుడు. తెరమీద కౌగిలించుకొనిన వారిద్దరును నిజమునకు తెల్లవారే. అయినను టెక్సస్‌లోని మార్షల్ అను పట్టణములో ఆ చిత్రమును నిషేధించి, ప్రదర్శించినవానిని శిక్షించిరి. 1952లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఆ శిక్షను కొట్టివేసెను.

మూడవ బొమ్మ చూచుటకు మంచిది. 1967 డిసెంబరులో “గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్” అను చిత్రము వచ్చెను. సిడ్నీ పోయిటియర్ అందులో పేరుపొందిన వైద్యుడు. తెల్లవారి కుమార్తెను ప్రేమించి, ఆమె తలిదండ్రుల సమ్మతి లేనిదే వివాహమాడనని చెప్పు మర్యాదస్థుడు. అతనియందు ఒక్క మచ్చ కనబడదు. ఆ యిద్దరు ముద్దుపెట్టుకొనుట ఒక్కసారి మాత్రమే, అదియు టాక్సీ నడుపువాని అద్దములో. కథ చివర తీర్పు చెప్పువాడు తెల్ల తండ్రి. అతడు నిలిచి దీర్ఘముగా మాటలాడుచుండగా తక్కినవారందరును విందురు. ఈ చిత్రము తీసినవారు మంచి మనస్సుతోనే తీసిరి. ధైర్యముతోనే తీసిరి. అయినను మాకొక ప్రశ్న కలిగెను. ఆ వచ్చినవాడు గొప్ప వైద్యుడు గాక కూలిచేసికొను మంచివాడైతే ఆ యింటి తలుపు తెరవబడునా? మచ్చలేనివానికే చోటిచ్చు ఇల్లు కృపగల ఇల్లు కాదు. అట్టి లెక్కయైతే పరలోకపు విందులో మనకెవరికిని చోటుండదు.

టెలివిజనులోను ఇట్లే జరిగినది. 1968 నవంబరులో “స్టార్ ట్రెక్” అను ధారావాహికలో నిషెల్ నికోల్స్ అను నల్లజాతి నటిని విలియం షాట్నర్ ముద్దుపెట్టుకొనెను. దానిని గొప్ప సాహసముగా ఇప్పటికిని చెప్పుదురు. కాని కథలో వారిద్దరును తమ ఇష్టముచేత గాక, ఒక పరలోకవాసుల శక్తి బలవంతముచేత ఆలాగు చేయుదురు. అంతకుముందు ఆ నటి ఆ పని మానుకొన తలంపగా మార్టిన్ లూథర్ కింగు ఆమెను కలిసి మానవద్దని బ్రతిమాలెనట. ఇది ఆమెయే తరువాత చెప్పినది. ఆయన కూడ సంఘకాపరియే. తెరమీద తన ప్రజలు మనుష్యులుగా కనబడుట ఎంత అవసరమో ఆ కాపరి గ్రహించెను.

ప్రియులారా, మృగము, దాసి, మచ్చలేనివాడు అను ఈ మూడు బొమ్మలలో మనుష్యుడు ఏడీ? కోపము, నవ్వు, అప్పు, జ్వరము, ప్రార్థన గల సామాన్యుడు ఏడీ? 2016లో వచ్చిన “లవింగ్” అను చిత్రములో అట్టివారు మాకు కనబడిరి. అది జరిగిన కథ. రిచర్డ్ లవింగ్ ఇటుకలు పేర్చు తెల్లజాతి మేస్త్రి. మిల్‌డ్రెడ్ నల్లజాతి, ఆదివాసి రక్తము గల స్త్రీ. 1958 జూనులో వారు వివాహమాడిరి. కొద్ది వారములకే వర్జీనియాలో అధికారులు రాత్రివేళ వారి పడకగదిలో ప్రవేశించి వారిని పట్టుకొనిరి. 25 సంవత్సరములు కలిసి ఆ రాష్ట్రములో అడుగుపెట్టరాదని న్యాయాధిపతి షరతు పెట్టెను. 1965లో అదే న్యాయాధిపతి, దేవుడే జాతులను వేరువేరు ఖండములలో ఉంచెను గనుక అవి కలియరాదను భావముతో తీర్పు వ్రాసెను. 1967 జూను 12న అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసెను. నాటికి 16 రాష్ట్రములలో అట్టి వివాహము నేరమే. ఆ చిత్రములో దీర్ఘోపన్యాసములు లేవు. భర్త గోడ కట్టును. భార్య వంట చేయును. బిడ్డలు ఆడుకొందురు. సణిగినవారి కథ గాక, సణుగుబడినవారి కథ మాకు అక్కడ వినబడెను.

ఇప్పుడు మన వాక్యభాగమునకు మరల వత్తము. మిర్యాము, అహరోనుల సణుగుడు మోషే భార్యతో మొదలైనను, వెంటనే మాట మారినది. యెహోవా మోషేచేత మాత్రమే పలికించెనా, మాచేత పలికింపలేదా అనిరి. చూచితిరా? లోపల ఉన్నది పరాయి కోడలిమీద అసహ్యము. పైకి వచ్చినది భక్తి మాట. డిక్సన్ నవలకును, ఆ న్యాయాధిపతి తీర్పునకును ఇదే వస్త్రము తొడుగబడినది. యెహోవా ఆ మాట వినెను. మిర్యాము చర్మము హిమమువలె తెల్లనాయెను. నలుపును నిందించినదానికి తెలుపే శిక్షగా వచ్చెను. ఆమె యేడు దినములు పాళెము వెలుపల ఉండెను. ఆమె తిరిగి వచ్చువరకు జనులు ప్రయాణము సాగింపలేదు. ఒక యింటి సణుగుడువలన ఇశ్రాయేలు సమాజమంతయు అరణ్యములో ఆగిపోయెను.

మన ప్రయాణము ఆగలేదని చెప్పగలమా? పెండ్లిచూపులకు వెళ్లివచ్చినవారు మొదట చెప్పు మాట ఏమి? “పిల్ల చామనచాయ” అని గొంతు తగ్గించి చెప్పుదురు. కులమునుబట్టి మనలను ఊరి వెలుపల ఉంచిరని మనము దుఃఖపడినది నిజము. ఆ దుఃఖమెరిగిన మనమే మరియొకని చర్మము చూచి తలుపు మూయుదుమా? 1991లో మీరా నాయర్ తీసిన “మిసిసిపి మసాలా” అను చిత్రములో ఇదే కనబడును. ఉగాండానుండి వెళ్లగొట్టబడి అమెరికా చేరిన భారతీయ కుటుంబమది. తాము పరదేశులై బాధపడినవారే. అయినను కుమార్తె నల్లజాతి యువకుని ప్రేమించినప్పుడు వారి యింట అల్లకల్లోలము పుట్టును.

వివాహ విషయములో తలిదండ్రులు ఏమియు అడుగరాదని మేము చెప్పుటలేదు. అడుగవలెను. అతడు ప్రభువునందున్నాడా? కష్టపడి పనిచేయునా? త్రాగుడు మానినవాడా? కోపము అణచుకొనునా? ఈ ప్రశ్నలు మన వీధి అబ్బాయికిని, అమెరికా అబ్బాయికిని సమానమే. వీటికి జవాబు సినిమాలో దొరకదు. ఫిలిప్పు ఐతియొపీయుని గూర్చి దూరమునుండి ఊహింపలేదు. పరుగెత్తి రథమును కలిసికొని, ప్రశ్న అడిగి, ప్రక్కన కూర్చుండెను. గోతిలో నున్న యిర్మీయాను పైకి తీసినవాడును ఒక కూషీయుడే. త్రాళ్లు చంకలకు ఒరసికొనకుండ పాతగుడ్డలు కూడ పంపిన ఆ దయగల మనుష్యుని పేరు ఎబెద్మెలెకు అని లేఖనము జాగ్రత్తగా వ్రాసియుంచినది.

ఆ పెద్దతో మేము మరల మాటలాడితిమి. “అబ్బాయి పేరేమిటి?” అని అడుగగా వారు తలవంచుకొని, “అడగలేదండి” అనిరి. మూడు నెలలుగా ఆ యింట ఏడ్పులు, ఉపవాసములు జరిగినవి, కాని ఎవరిని గూర్చి ఏడ్చుచున్నారో అతని పేరైనను వారికి తెలియదు. గడచిన ఆదివారము ఆరాధన తరువాత వారు మా దగ్గరకు వచ్చి, కుమార్తెతో ఫోనులో మాటలాడితినని చెప్పిరి. ఇంకను సమ్మతి తెలుపలేదు. వారి భార్య ఇంకను ఏడ్చుచున్నది. కాని ఆ పేరును ఒక చిన్న కాగితముమీద వ్రాసికొని, దానిని తమ బైబిలులో పెట్టుకొని తెచ్చిరి. “పలకడం సరిగ్గా రావడం లేదయ్యగారూ, మీరు ప్రార్థనలో చెప్పండి” అని మా చేతికిచ్చిరి. మాకును సరిగా పలుకుట రాలేదు. అయినను ఇద్దరము మోకాళ్లూని ఆ పేరుతో ప్రార్థించితిమి.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో సంఖ్యాకాండము 12వ అధ్యాయము చదువుడి. చదివిన తరువాత, ఎవరిని మీరు ఎన్నడు కలియకయే ఎరిగినట్లు మాటలాడుచున్నారో జ్ఞాపకము చేసికొనుడి. వారి పేరు అడుగుడి. ప్రభువు మన కన్నులను కడుగును గాక. ఆమేన్.