మైల అని మానడం కాదు

శ్రమల దినాలు మొదలైతే మన క్రైస్తవ ఇళ్లలో చాలాచోట్ల మాంసం తగ్గుతుంది. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా ముక్క ముట్టనివారున్నారు, శుక్రవారాలు మాత్రం మానేవారున్నారు. మంచి ఆచారమే. కానీ ఎందుకు మానుతున్నామో తేల్చుకోకపోతే మన నేల మీద అది ఇట్టే దారి తప్పుతుంది. తినే తిండిని బట్టి మనిషిని దూరం పెట్టిన సమాజం మనది. ఆ వెలి అనుభవించిన కుటుంబాల నుంచే తెలుగు సంఘాల్లోకి ఎంతోమంది వచ్చారు. అలాంటి సంఘంలోనే ఎవరైనా ‘మేం నీచు ముట్టడం లేదు, నిష్ఠగా ఉన్నాం’ అంటే మనసు చివుక్కుమంటుంది.

ఈ ప్రమాదాన్ని తొలినాళ్ల సంఘం ఎప్పుడో పసిగట్టింది. క్రీ.శ. 314లో నేటి అంకారా నగరంలో కూడిన బిషప్పులు ఒక నియమం పెట్టారు. మాంసం మానిన గురువులు, డీకన్లు ముందు దాన్ని రుచి చూడాలి, ఆ తర్వాత ఇష్టమైతే మానుకోవచ్చు. అసహ్యంతో, మాంసంతో కలిపి వండిన కూరగాయలను కూడా కాదంటే వారిని పదవి నుంచి తొలగించాలి. దేవుడు చేసిన పదార్థాన్ని చెడ్డదనకుండా ఉండడానికే ఆ కాస్త రుచి. దానియేలు మూడు వారాలు మాంసం మానింది కూడా దుఃఖంలో ప్రార్థిస్తూనే తప్ప, అది మైల అని కాదు. క్రైస్తవుడు వదులుకునేది మంచిదాన్ని, తనకు ఇష్టమైనదాన్ని.

అన్నపానాల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని పౌలు రాశాడు కదా అని ప్రొటెస్టెంట్ సోదరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1522లో జూరిచ్‌లో ముద్రాపకుడు ఫ్రోషావర్ ఇంట్లో కొందరు శ్రమకాలంలోనే సాసేజ్‌లు తిన్నారు. అక్కడే ఉన్న సంస్కర్త జ్వింగ్లీ తాను తినలేదు, అయినా తిన్నవారి పక్షాన నిలిచాడు. ఆయన ఎదిరించింది బలవంతాన్ని. ఇష్టపడి మానేవారిని ఆయన వద్దనలేదు.

నాకు మరింత బరువుగా తోచే అభ్యంతరం ఇంకొకటి ఉంది. వారానికోసారి కోడికూర వండుకునే కూలీ ఇంట్లో ఆ ఒక్క పూటా మానమనడం ఏం ధర్మం? ధర్మం కాదు. కాథలిక్ సంఘం 14 ఏళ్లలోపు పిల్లలకు మాంసం మానే నియమమే పెట్టలేదు. నలభై రోజుల ఉపవాసం లెక్కలో ఆదివారాలూ చేరవు, ఆ కోడికూర ఆదివారం వండుకోవచ్చు. మాంసం మానమని చెప్పాల్సింది ఎప్పుడు కావాలంటే అప్పుడు తినగలిగినవారికి. వారైనా చికెన్ మాని రొయ్యల ఇగురు వండుకుంటే నియమం నిలుస్తుంది గానీ లోటూ తెలియదు, డబ్బూ మిగలదు. ఉపవాసంలో మిగిలింది పేదలకు చేరాలని 5వ శతాబ్దపు పోపు మొదటి లియో తన ప్రసంగాల్లో పదేపదే చెప్పాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమే తనకు కావలసిన ఉపవాసమని దేవుడు చెప్పిన మాట యెషయా 58వ అధ్యాయంలో ఉంది. కాబట్టి చికెన్ కొట్టుకు పోవాల్సిన డబ్బు ఆ రోజే పక్కన పెట్టి, ఈస్టర్ లోపు మాంసం కొనుక్కోలేని ఇంటికి అందించాలి. దాంతో వాళ్లు పండగనాడు మాంసమే తెచ్చుకుంటే మరీ మంచిది.