పెంటకుప్ప, కింది ఇంటి బోరింగు

ధర్మపురి దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి వెనక ఒక పెంటకుప్ప ఉండేది. వయసులో నాకంటే పెద్దది. మూడు బర్రెల పేడ, తిని వదిలేసిన చొప్ప, పొయ్యి బూడిద ఏడాదంతా అందులోనే పడేవి. ఎండాకాలం ఆ పెంటను చేన్లోకి తోలేవాళ్లు, వానలు మొదలవగానే పసుపు పెట్టేవాళ్లు. హైదరాబాద్‌లో స్నేహితుల ముందు ఆ కుప్ప గురించి గర్వంగా చెప్పుకునేవాణ్ణి. అది సహజమైనది, కాబట్టి మంచిది.

పోయిన వానాకాలం ఆ 'కాబట్టి' దగ్గర ఇరుక్కుపోయాను.

కుప్పకు పల్లంలో, ఇరవై అడుగులు కూడా లేని దూరంలో కింది ఇంటివాళ్ల బోరింగు ఉంది. ఆ ఇంట్లో నెలల పాప. వాన పడుతుంటే కుప్పలోంచి డికాషన్ రంగు నీళ్లు అటువైపు పారుతున్నాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, ఆ రోజే కంటబడింది. ఓ సీసా నీళ్లు పట్టి పరీక్షకు ఇచ్చాను. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ఆ నీళ్లలో దాటింది. నైట్రేటు ఎక్కువైతే పసిపిల్లల రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. "కాగబెట్టి తాగితె అయిపాయె గదా" అంది అమ్మ. కాగబెడితే నైట్రేటు పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

బాపు ఒక్కటే అడిగాడు: "మన పెంటదే అని ఎట్ల చెప్తవ్‌రా?"

చెప్పలేను. అక్కడే వాళ్ల మరుగుదొడ్డి గుంత ఉంది. ఎగువన యూరియా చల్లే పొలాలున్నాయి. నీళ్లలో కరిగాక నైట్రేటు మీద ఎవరి ఇంటిపేరూ ఉండదు.

వెంటనే నాకు తోచింది యూరియాను తిట్టడం. గోదావరి వెంట కిందికి పోతే రామగుండం. అక్కడ 1980లో బొగ్గుతో మొదలై, 1999లో మూతపడిన ఎరువుల కర్మాగారం, 2021లో సహజవాయువుతో మళ్లీ నడవడం మొదలైంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. తిట్టడం తేలికే. కానీ లెక్క వేసి చూశాను. పసుపుకు ఎకరానికి పది టన్నుల దాకా పశువుల ఎరువు వెయ్యమంటారు. అందులో నత్రజని అరశాతం అనుకుంటే యాభై కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నర ఉంటే అంతే నత్రజని వస్తుంది. నాలుగైదు ట్రాక్టర్ల పెంట ఒకవైపు, మోటర్‌సైకిల్ మీద తెచ్చుకునే బస్తాలు ఒకవైపు. రైతు అటు మొగ్గడంలో ఆశ్చర్యమేముంది?

పెంట చేసే మేలు వేరే ఉంది. నేలను గుల్ల చేస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది. బస్తా ఆ పని చెయ్యదు. కానీ మట్టిలోని సూక్ష్మజీవులకు నత్రజని ఎక్కడిదన్న పట్టింపు లేదు. పెంటదైనా, బస్తాదైనా కొంత నైట్రస్ ఆక్సైడుగా మారుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు దాదాపు 270 రెట్లు. తడిసి, గాలాడని కుప్ప నడుమ మీథేన్ పుడుతుంది. 'సహజం' అన్నది మంచితనానికి ఇచ్చే సర్టిఫికెట్ కాదని అప్పుడు ఒప్పుకున్నాను.

1996లో వేలూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు, హాని జరగదని చూపించే భారం ఆ పని చేసేవాళ్లదే అంది. తోళ్ల ఫ్యాక్టరీలకు పెట్టిన నియమం మూడు బర్రెలున్న మనిషికి పెట్టొచ్చా? చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నానని ఆలస్యంగా తెలిసింది. తప్పు ఎవరిది అనడానికి రుజువు కావాలి. ముందు ఎవరు కదలాలి అనడానికి అక్కర్లేదు. మా అనుమానం తప్పైతే మాకు పోయేది ట్రాక్టర్ కిరాయి. మా ధీమా తప్పైతే పోయేది ఆ పాపకు.

బాపు కుప్ప జరపడానికి ఒప్పుకున్నాడు, చెప్పడానికి ఒప్పుకోలేదు. "రేపు ఊరంత మన మీద పడ్తది." ఆ భయం నాకూ ఉంది. కానీ చెప్పకుండా జరిపితే, పాప ఆ నీళ్లే తాగుతుంది. మట్టిలోకి దిగింది ఒక్క వానకు పోదు. అందుకే నేనే పోయి చెప్పాను, రుజువు లేదన్న సంగతితో సహా.

కింది ఇంటి వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పాపకు నల్లా నీళ్లే పడ్తం తియ్యి. గని ఆ పెంట ఊకె అటే తోలకుండ్రి, ఎండకాలం మా చేన్లకు గూడ రెండు ట్రాక్టర్లు పంపుండ్రి."

ఇప్పుడు కుప్ప మా చేని గట్టున ఉంది. చుట్టూ కట్ట పోసి, పైన మట్టి కప్పాం. దానికి పల్లంలో ఎవరి బాయి ఉందో ఈసారి ముందే చూసొచ్చాను.