నాందేడ్‌లో జరిగిన అప్పగింత

1708 అక్టోబరు. గోదావరి ఒడ్డున నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ కత్తిపోటు గాయంతో ఉన్నారు. చక్రవర్తి బహదూర్ షా పంపిన వైద్యుడు కుట్లు వేశాడనీ, గాయం మానుతోందనుకున్న రోజుల్లో గట్టి విల్లు ఒకటి ఎక్కుపెట్టబోతే ఆ కుట్లు తెగిపోయాయనీ సిక్కులు తరతరాలుగా చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు 41. తండ్రి గురు తేగ్ బహదూర్ 1675లో ఢిల్లీలో మరణశిక్షకు గురయ్యారు. 1704 డిసెంబరులో కొద్ది రోజుల వ్యవధిలోనే నలుగురు కొడుకులూ, తల్లీ పోయారు. ఆనంద్‌పూర్ చేజారింది. సర్సా నది దాటుతుంటే ఏళ్ల తరబడి రాయించిన వ్రాతప్రతులు వరదలో కొట్టుకుపోయాయి.

ఇన్ని పోయినా మనిషి కుంగిపోలేదు. ఏ బలంతో?

హైదరాబాద్ మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ప్రొడక్ట్ మేనేజర్‌గా పనిచేసేవారికి ఈ ప్రశ్న అక్కరకొస్తుంది. బిడ్డలను పోగొట్టుకున్న తండ్రి దుఃఖాన్నీ, రద్దయిన ఫీచర్‌నూ ఒకే తక్కెడలో తూచడం అపచారం. ఇక్కడ ఆ పోలిక లేదు. ఆయన నిలబడిన తీరులో మాత్రం నేర్చుకోవలసింది ఉంది.

ఆ ఉద్యోగంలోని ఇరకాటం అందులో ఉన్నవారికే తెలుస్తుంది. బాధ్యతంతా తనది, అధికారం మాత్రం దాదాపు లేదు. ఇంజినీర్లు తన కింద పనిచేయరు, డిజైనర్ వేరే మేనేజర్‌కు జవాబుదారీ, సేల్స్ వాళ్లు కస్టమర్‌కు ముందే మాట ఇచ్చేసి వస్తారు. ఆరు నెలలు కష్టపడి కట్టిన రోడ్‌మ్యాప్ ఒక్క మీటింగులో తారుమారవుతుంది. లాంచ్ బాగుంటే పేరు అందరిదీ, చెడితే వేలు తనవైపే. 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో నీల్ మెకెల్‌రాయ్ ఒక్కో సబ్బుకు ఒక్కో మనిషి పూర్తి బాధ్యత వహించాలని మెమో రాసినప్పటి నుంచీ ఈ వృత్తి స్వభావం ఇదే.

తట్టుకోవాలంటే గుండె రాయి చేసుకోమనో, పొద్దున్నే ధ్యానం చేయమనో సలహాలిస్తారు. ధ్యానం మంచిదే. కానీ ఈ సలహాలన్నీ బరువును ఒక్కడి భుజం మీదే ఉంచి, ఆ భుజాన్ని గట్టిపరుచుకోమంటాయి. గురు గోవింద్ సింగ్ నడిచిన దారి వేరు. ఆయన బలాన్ని తన ఒక్కడిలో దాచుకోలేదు, పదిమందిలో నాటారు.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో ఐదుగురికి అమృతం ఇచ్చి, దీక్ష తీసుకున్న సిక్కుల సమూహమైన ఖాల్సాను నెలకొల్పారు. ఆ వెంటనే వారి ముందు చేతులు జోడించి, తనకూ అమృతం ఇమ్మని అడిగారు. గురువు శిష్యుల దగ్గర దీక్ష తీసుకున్నారు! ఆ ఐదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ మన పక్కనున్న బీదర్‌వాడు, మంగలి కులస్థుడు. ఈ మాట తెలుగు నేల మీద ఇంకా గట్టిగా వినిపించాలి. ఐదేళ్ల తర్వాత చమ్‌కౌర్ గఢీలో గుప్పెడు మందితో ఉన్న గురువును పెద్ద సైన్యం చుట్టుముట్టినప్పుడు, మిగిలిన సిక్కుల్లో ఐదుగురు కలిసి ఆయనను కోట విడిచి వెళ్లమని ఆజ్ఞాపించారు. అప్పటికే ఇద్దరు కొడుకులు కళ్లముందే నేలకొరిగారు. తానూ అక్కడే పోరాడి పోవాలని మనసులో ఉన్నా, ఆయన ఆ ఆజ్ఞను పాటించారు. తన టీమ్ కాదన్న మాటను అవమానంగా తీసుకునే ప్రతి నాయకుడూ ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి.

ఆ తర్వాత చేసిన పని ఇంకా గొప్పది. తల్వండీ సాబో, అంటే నేటి దమ్‌దమా సాహిబ్‌లో కూర్చుని, భాయీ మణీ సింగ్ చేత సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆది గ్రంథాన్ని మళ్లీ రాయించారు. 1604లో గురు అర్జున్ కూర్చిన ప్రతి అందుబాటులో లేకపోతే, జ్ఞాపకం నుంచే చెప్పారని సంప్రదాయం. తండ్రి రచనలను అందులో చేర్చారు. పోయినదాని కోసం ఏడుస్తూ కూర్చోలేదు, నిలవవలసినదేదో తేల్చుకుని దాన్ని మళ్లీ రాయించారు.

మన కాలంలో, మన స్థాయిలో ఇలాంటి వివేకం రెడ్‌బస్ స్థాపకుల్లో ఒకరైన ఫణీంద్ర సామ కథలో కనిపిస్తుంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ వద్దామంటే బస్సు టికెట్ దొరకలేదు. స్నేహితులతో కలిసి బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేస్తే, దాన్ని వాడటానికి ఆపరేటర్లు ముందుకు రాలేదు. తయారుచేసిన వస్తువును పట్టుకుని వేలాడకుండా, ప్రయాణికుడి ఇబ్బందిని పట్టుకున్నారు. 2006లో రెడ్‌బస్ టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది.

వదిలి వెళ్లినవారి విషయం కూడా చెప్పుకోవాలి. ఆనంద్‌పూర్ ముట్టడిలో ఆకలికి తాళలేక నలభై మంది, ఇక మీరు మాకు గురువు కాదని రాసిచ్చి వెళ్లిపోయారు. తర్వాత ఖిద్రాణా చెరువు దగ్గర వాళ్లే తిరిగొచ్చి ఆయన కోసం పోరాడి ప్రాణాలిచ్చారు. వారిలో కొన ఊపిరితో ఉన్న మహాన్ సింగ్ ఎదుట గురువు ఆ కాగితాన్ని చింపేశారు. ఇప్పుడా ఊరు ముక్త్‌సర్. ప్రాజెక్టు మధ్యలో రాజీనామా చేసి వెళ్లినవారి మీద ఏళ్ల తరబడి కక్ష మోసేవాళ్లు మన ఆఫీసుల్లో ఎంతమంది! ఆ బరువు పని కంటే ఎక్కువగా మనిషిని అలసిపోయేలా చేస్తుంది.

ఇక నాందేడ్. అంత్య సమయంలో ఆయన ఏ మనిషినీ తన వారసుడిగా నిలపలేదు. ఇకపై గ్రంథమే గురువన్నారు. ఏ ఒక్కరి పోకతోనూ ఆగని ఏర్పాటు అది. మహారాజా రంజిత్ సింగ్ 1830లలో అక్కడ కట్టించిన గురుద్వారా సచ్‌ఖండ్ హజూర్ సాహిబ్‌లో ఇప్పటికీ రోజూ చీకటి ఉండగానే సేవాదారు వెండి బిందెలో గోదావరి నీళ్లు మోసుకొస్తారు, ఆ నీళ్లతో తఖ్త్‌ను, అంటే గురుపీఠాన్ని, కడుగుతారు. లంగర్‌లో, అంటే అందరికీ అన్నం పెట్టే వంటశాలలో, అందరూ నేల మీద ఒకే వరుసలో కూర్చుంటారు. రోటీ వడ్డిస్తే రెండు చేతులూ చాచి అందుకోవాలి. గిన్నెలు తోమేచోట కోటీశ్వరుడూ ఉంటాడు, కూలీ ఉంటాడు, ఎవరు ఎవరో తెలియదు. చఢ్దీ కళాను, అంటే ఎన్నడూ కుంగని ఉత్సాహాన్ని, ఇమ్మని సిక్కులు రోజువారీ ప్రార్థనలో అడుగుతారు. ఆ ప్రార్థన ఒక్కరి కోసం కాదు, అందరి కోసం.

హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్లేవారు హజూర్ సాహిబ్ చూసి తిరిగొచ్చేస్తుంటారు. నది ఒడ్డునే ఉన్న బందా ఘాట్‌కూ వెళ్లాలి. మాధోదాస్ అనే బైరాగి ఆశ్రమం అక్కడే ఉండేది. 1708లో గురువును కలిసి, ఆయన శిష్యుడై బందా సింగ్ అయ్యాడు. అతని చేతికి ఐదు బాణాలిచ్చి, సలహా చెప్పడానికి ఐదుగురు సిక్కులను తోడిచ్చి గురువు పంజాబుకు పంపారు. ఒంటరిగా పంపలేదు. 1710 మే నెలలో బందా సింగ్ సేన సర్‌హింద్‌ను గెలిచింది.