పసుపెక్కిన ఆకు, తొందరపడిన తీర్పు



మైలవరం పరిసరాలు మామిడి తోటలకు పేరుపొందినవి. ఆకు రంగు మారితే ఏమి చేయాలో ఇక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని మన ఇంటి ముందున్న మందారమో, గుడి ఆవరణలోని నూరువరహాల మొక్కో పసుపెక్కితే మనం ఏమంటాము? "ఇది పనికిరాదు, పీకేయండి" అంటాము. లేదా బిందెడు నీళ్ళు గుమ్మరించి చేతులు దులుపుకుంటాము.

చెట్టును ఎరిగినవాడు ముందుగా ఏ ఆకు పసుపెక్కిందో చూస్తాడు. అడుగున ఉన్న ముదురాకులు మొదట పాలిపోతే నత్రజని చాలలేదేమోనని అనుమానిస్తాడు. కొమ్మ చివరి లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే ఇనుము అందలేదని గ్రహిస్తాడు. చిత్రమేమంటే, చాలాసార్లు ఆ ఇనుము నేలలోనే ఉంటుంది. గోడ కట్టిననాడు పడిన సున్నం, సిమెంటు పెళ్ళలు మట్టిని క్షారంగా మార్చినందువల్ల వేరు దానిని తీసుకోలేకపోతుంది. మరికొన్ని చోట్ల నీరు నిలిచి వేళ్ళకు గాలి ఆడదు. అక్కడ ఇంకా నీళ్ళు పోయడం మనకు ప్రేమగానే తోచవచ్చు. చెట్టుకు మాత్రం అది చావు.

మరి తప్పెవరిది? ఆకుదా?

మన కుటుంబాలలో ఆదివారం దివ్యబలిపూజకు రావడం మానేసిన కుమారుడు ఉండవచ్చు. మాట తగ్గించిన కోడలు ఉండవచ్చు. "వాడింతే", "ఆమె గర్వం అది" అని తీర్పు చెప్పేస్తాము. ఇంట్లో ప్రేమ లేదా? ఉంటుంది. కాని దినదినము వేసే నిందలు, పక్కింటివారితో పోలికలు సున్నంలా పేరుకొని ఆ ప్రేమను వారి వేరుకు అందనీయడం లేదేమో! అటువంటి చోట ఉపదేశం మీద ఉపదేశం పోయడం నిలిచిన నీటిలో మరో బిందె పోయడమే.

"అయితే ఎవరి తప్పూ లేదా?" అని మీరడగవచ్చు. మనిషి చెట్టు కాడు. అతనికి స్వేచ్ఛ ఉంది, కనుక బాధ్యతా ఉంది. తాగివచ్చి భార్యను కొట్టేవాని గతం ఎంత బాధాకరమైనదైనా, ముందుగా ఆమెను కాపాడాలి. కారణం తెలుసుకోవడం వేరు, తప్పును ఒప్పనడం వేరు.

పసుపెక్కిన ప్రతి ఆకూ జబ్బుది కాదన్నది కూడా మరువరాదు. వృద్ధులను మనం పండుటాకులంటాము. పండుటాకు రాలేముందు తనలోని నత్రజనిలో చాలా భాగం కొమ్మకు తిరిగి ఇచ్చి రాలుతుంది. ఇంట్లోని పెద్దలను "ఇంకెందుకు" అనుకునేవారు ఈ సంగతి తలచుకోవాలి.

లూకా సువార్త 13:6-9లో, మూడేండ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయమన్నాడు యజమాని. తోటమాలి మరొక్క ఏడాది గడువు కోరాడు. కాని ఊరకే గడువు కోరలేదు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. అప్పటికీ కాయకుంటే నరికించవచ్చునని కూడా ఒప్పుకున్నాడు. అది కళ్ళు మూసుకున్న జాలి కాదు, చేతికి మట్టి అంటించుకున్న జాలి. తవ్వకుండా వేచి ఉండేవానిది ఓర్పు కాదు, బద్ధకం.

ఈ ఆదివారం ఆ కుమారుని పక్కన కాసేపు కూర్చోండి. ఏమీ ఉపదేశించక, అతడు చెప్పేది వినండి. అక్కడ బయటపడే సున్నం పెళ్ళలలో కొన్ని మన చేతులతో పారవేసినవే కావచ్చు. వాటిని ఏరివేసే ధైర్యాన్ని, ఆ తోటమాలి ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక.