ఇసుర్రాయిని కుదువ పెట్టవచ్చునా?



పత్తి కాలం వచ్చిందంటే మన భైంసా రోడ్ల మీద నడవడానికి చోటుండదు. పల్లెల నుంచి మార్కెట్ యార్డుకు, జిన్నింగు మిల్లులకు బండ్లు వరుస కడతాయి. ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు, టాటా ఏస్‌లు, పికప్ వ్యాన్లు. వాటిని నడిపేవారిలో మన విచారణ బిడ్డలూ ఉన్నారు. కొందరు సొంత బండి మీద, ఎక్కువమంది ఇంకొకరి బండి మీద జీతానికి.

అలా జీతానికి నడిపే ఒక యువకుడు ఈమధ్య ఆదివారం పూజ అయ్యాక భార్యతో కలిసి నా దగ్గరకు వచ్చాడు. ఇద్దరూ కూడబెట్టింది ఒక లక్షా డెబ్బై వేలు. అది ముందు కడితే మిగతాది ఫైనాన్సు ఇప్పించి కొత్త పికప్ చేతిలో పెడతామంటున్నారట. మరోవైపు, తెలిసినవాళ్ల టాటా ఏస్ ఒకటి అమ్మకానికి ఉంది. పదేళ్ల బండి. రెండు లక్షల ముప్పై వేలు చెబుతున్నారు. “ఫాదర్, అప్పు చేసుడు పాపమా? కొత్త బండి తెస్తే మీరు తీర్థం సల్లుతరా?” అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కారణం మీతో దాచను. కొన్నేళ్ల క్రితం ఒక కొత్త బండికి నేనే తీర్థం చల్లాను. పూలదండలు వేశారు, మిఠాయి పంచారు, నేనూ సంతోషించాను. ఆ మరుసటి ఎండాకాలం అప్పిచ్చినవాళ్లు వచ్చి బండిని తీసుకుపోయారు. ఓదార్చడానికి వెళ్తే ఆ ఇంటి ఇల్లాలు అన్నది: “కిస్తీ ఎంతనో గప్పుడు నాకు తెల్వనే తెల్వది ఫాదర్.” ఆశీర్వదించిన నేను కూడా ఆ మాట అడగలేదు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని నేటికీ అనిపిస్తుంది.

అప్పు పాపమా? కాదు. అడిగినవానికి అప్పు ఇవ్వడానికి వెనుదీయవద్దని ప్రభువు కొండమీద ప్రసంగంలో బోధించారు. పుచ్చుకోవడం పాపమైతే ఇమ్మని ఎలా చెబుతారు? వడ్డీని గట్టిగా ఖండించిన అక్వినాసు పునీత తోమాసు గారు కూడా, అవసరంలో పడి వడ్డీకి తెచ్చుకున్నవానిని పాపి అనలేదు. 15వ శతాబ్దంలో ఇటలీలో ఫ్రాన్సిస్కన్ సభ గురువులు పేదలకు తక్కువ ఖర్చుతో అప్పులిచ్చే నిధులు నెలకొల్పారు. 1515లో అయిదవ లాతరను మహాసభ వాటిని సమ్మతించింది. తిరుసభ అప్పుకు భయపడలేదు. అప్పు మనిషి బ్రతుకును మింగుతుందేమోనని భయపడింది.

ఆ భయం ద్వితీయోపదేశ కాండం 24వ అధ్యాయంలో కనిపిస్తుంది. ఎవరి ఇసుర్రాయినీ తాకట్టుగా పుచ్చుకోరాదని అక్కడ ఆజ్ఞ. ఎందుకంటే అది ఆ మనిషి ప్రాణాన్నే తాకట్టు పెట్టుకోవడం. ఇంట్లో వేరే వస్తువు పోతే దుఃఖం కలుగుతుంది. ఇసుర్రాయి పోతే ఆ రోజు రొట్టె ఉండదు.

నేటి మన ఇసుర్రాయి ఆ బండి. అయితే ఈనాటి పద్ధతిలో కొన్న మొదటి రోజునుంచే ఆ బండే తాకట్టు. ఆర్‌సీ పుస్తకంలో అప్పిచ్చినవారి పేరు ఎక్కుతుంది. మోషే ధర్మశాస్త్రం ఆ నిగ్రహాన్ని అప్పిచ్చేవానికి విధించింది. ఇప్పుడు ఆ నిగ్రహం పుచ్చుకునేవాడు తనకు తానే విధించుకోవాలి.

మేము ముగ్గురం కూర్చొని లెక్క వేశాము. కొత్త బండికి ఎనిమిది లక్షల అప్పు, సంవత్సరానికి నూటికి 12 మిత్తి, 60 కిస్తీలు. నెలకు దాదాపు 17,800. అయిదేళ్లకు కట్టేది సుమారు 10,68,000. అందులో మిత్తే 2,68,000. పాత బండి ధర 2,30,000, దాని మరమ్మతుకు 30,000 పక్కన పెట్టినా 2,60,000. అంటే కొత్త బండికి కట్టే మిత్తితోనే పాత బండి ఇంటికి వస్తుంది. ఆ అమ్మాయి కాగితం వైపు చాలాసేపు చూసింది.

ఇంకొక సంగతి ఉంది. కిస్తీ పన్నెండు నెలలూ వస్తుంది, పత్తి పన్నెండు నెలలూ రాదు. సోయా, పత్తి కదిలే నెలల్లో కిరాయిలు దండిగా ఉంటాయి. ఎండాకాలంలో బండి అడ్డా మీద నిలబడుతుంది. అప్పుడు కిస్తీ కోసం మనిషి ఏమి చేస్తాడు? మోయలేనంత లోడు ఎత్తుతాడు. నిద్ర లేకుండా రాత్రంతా నడుపుతాడు. ఇన్సూరెన్సు కట్టడం వాయిదా వేస్తాడు. ఇంట్లో అబద్ధం చెబుతాడు. అప్పు పాపం కాకపోయినా, మంచిగా బ్రతికే దారిని ఇరుకు చేస్తుంది. ఇక్కడే అది డబ్బు లెక్క దాటి ఆత్మకు సంబంధించిన విషయమవుతుంది.

“పాత బండి రాత్రిపూట లోడుతో ఆగిపోతే? దానికి పెట్టే ఖర్చు కిస్తీ కాదా?” అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చౌకగా కొని రెండుసార్లు ఖర్చుపెట్టిన పేదలను నేనూ చూశాను. కాని మరమ్మతు కొన్నాళ్లు ఆగుతుంది, కిస్తీ ఆగదు. మరమ్మతు కోసం నిలిచిన బండి మన వాకిట్లోనే ఉంటుంది. ఏడాది పొడుగునా పని ఇస్తామని మిల్లు నుంచి గట్టి ఒప్పందం ఉన్నవానికి కొత్త బండే సరి కావచ్చు. వివేకమనే సుగుణానికి అందరికీ ఒకే జవాబు ఉండదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పింది అందుకే.

పాతది కొనేవారు కళ్లు తెరిచి కొనండి. నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నట్లు. చాసిస్‌కు పగుళ్లు, వెల్డింగు అతుకులు ఉన్నాయేమో వంగి చూడండి. దాని నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఫిట్‌నెస్, పర్మిటు, ఇన్సూరెన్సు, చలాన్లు అడగండి. పాత ఫైనాన్సు ఉంటే బకాయి లేదన్న పత్రం, ఫారం 35 చేతికి రానిదే డబ్బు ఇవ్వకండి. నాందేడ్ వైపు నుంచి వచ్చే ఎంహెచ్ 26 బండి అయితే అక్కడి ఆఫీసు నిరభ్యంతర పత్రమూ కావాలి, ఇక్కడి పన్నూ లెక్కలో చేరాలి.

అమ్మేవారికీ ఒక మాట. పైకి కనిపించని, ప్రమాదకరమైన లోపాన్ని కొనేవానికి చెప్పి తీరాలని తోమాసు గారి బోధ. ఒంటికన్ను గుర్రం సంగతి చూసినవారికే తెలుస్తుంది. దాని ధర తగ్గిస్తే చాలు. బ్రేకు పట్టని బండి అలాంటిది కాదు. రంగు వేసి దాన్ని అమ్మితే రేపటి ప్రమాదంలో మీకూ భాగముంటుంది.

రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలున్నది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ప్రవక్త ఆమెను ఇరుగుపొరుగువారి దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకొమ్మన్నాడు. ఉన్న కాస్త నూనె ఆ పాత్రలన్నీ నింపింది. అది అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రతికింది. ఆ అద్భుతం పొరుగువారి పాత్రల్లో జరిగిందని గమనించండి. మన విచారణలో ఒక కుటుంబానికి ఇంకా కొద్ది మొత్తమే తక్కువైనప్పుడు, మిత్తి లేకుండా ఒక పంట కాలానికి చేబదులు ఇవ్వగలవారు మనలో లేరా? పాత్ర ఇచ్చినంత మాత్రాన మన ఇల్లు ఖాళీ కాదు.

ఆ దంపతులు ఈ పత్తి కాలం కూడా జీతానికే నడిపి, తక్కువ పడ్డ 90,000లో కొంత కూడబెట్టి, మిగిలింది భార్య మహిళా సంఘం నుంచి తెచ్చుకొని పాత బండే తీసుకుందామనుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆ యువకుడు, “పాత బండికి సుత తీర్థం సల్లుతరా ఫాదర్?” అని నవ్వాడు. తప్పక చల్లుతాను. అయితే ఇకమీదట ఏ బండికైనా తీర్థం చల్లే ముందు ఇంటి ఇల్లాలిని పిలిచి, “అమ్మా, కిస్తీ ఎంతో నీకు తెలుసా?” అని అడుగుతాను. మీరేమీ అనుకోకండి.

చేతిపనితో కుటుంబాన్ని పోషించిన పునీత జోజప్ప గారు మన శ్రామికులందరి కొరకు ప్రార్థించును గాక. ఆమెన్.